ఏసమ్మ చూసిన సముద్రం

కోదాడ నుంచి సూర్యాపేట దాకా, ఇటు హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ దాకా, ఏసమ్మ వస్తున్న సంగతి ఏసమ్మ కంటే ముందు ఆమె ఎండుచేపల గంప వాసనే చెప్పేది. వీధి మలుపులో ఆ వాసన తగలగానే పిల్లులు గోడలు దిగేవి. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లు కొందరు, చేటలో జొన్నలు పోసుకుని చేపల కోసం అరుగు మీదికి వచ్చేవాళ్లు కొందరు. ఒక్కో ఇంట్లో ఆ రెండు పనులూ ఒక్క మనిషే చేసేది. ఆ తరువాత వెదురు గంప, దాని కింద చుట్టకుదురు, దాని కింద నలభై రెండేళ్ల ఏసమ్మ, తీరిగ్గా కనబడేది.

ఆమె గంప దించి విప్పే తీరు చూడవలసిందే. పైన గోనెగుడ్డ తీసి, ముందు నెత్తళ్లు, రొయ్యపొట్టు పక్కకు పెట్టేది.

"ఇవి ఒడ్డు మీదియి. ఎండ తగిలే నీళ్లల్ల తిరుగుతయి. గుంపు ఇడిసి పోవు, బడి పోరగాండ్ల లెక్క."

వాటి కింద ఒక వరస తాటాకు. తాటాకు ఎత్తితే కానగంతలు, వెండిపట్టీల్లా పొడుగ్గా మెరిసే సావడాయిలు, ముక్కలు కోయని వంజరం.

"ఇవి నడిమి సంద్రం. గాడికి ఎండ సగమే దిగుతది. మసక ఉంటది."

మళ్లీ తాటాకు. గంప అట్టడుగున చెప్పు తోలులా గట్టిపడ్డ సొరముక్కలు, చాటంత టేకు చేప. అక్కడికి వచ్చేసరికి ఏసమ్మ గొంతు తగ్గించేది.

"ఇగ ఇది అడుగు. గాడ పొద్దు పొడిసేది లేదు, గూకేది లేదు. గాడి చేపలకు దేవుడు నెత్తి మీద దీపం పెట్టిండు. ఆ ఎలుగులనే తింటయి, ఆ ఎలుగులనే సస్తయి."

నెత్తిమీద దీపమున్న చేపను ఒక్కదాన్నయినా చూపించమని ఎవరైనా అడిగితే, "ఎండబెడితే ఆరిపోతది" అనేది. దానికి ఎదురు చెప్పగలిగినవాళ్లు ఆ మూడు తాలూకాల్లో ఎవరూ లేరు.

ఈ విద్య ఆమెకు బందరు నుంచి సరుకు తెచ్చే పోలయ్య దగ్గర అబ్బింది. పోలయ్య పడవ ఎక్కి వేటకు పోయిన మనిషే గాని చెప్పిందంతా చూసిన మనిషి కాదు. చూసింది కొంత చెప్పేవాడు, విన్నది కొంత కలిపేవాడు. ఏసమ్మ అందులోంచి కొంత తీసి, మరికొంత కలిపేది. జగ్గయ్యపేటలో గంపెడు చేప ఎత్తుకుంటే మిర్యాలగూడ చేరేసరికి అది గంపెడు సముద్రమయ్యేది.

మిర్యాలగూడ సంతలో ఆమెకు ఖాయంగా తగిలే మనిషి జంగమ్మ. మాడుగులపల్లి దగ్గర గొర్రెలు కాసుకునే ఇల్లాలు. చెరువు తప్ప వేరే నీళ్లు ఎరగదు.

"గంత నీళ్లకు కట్ట ఎవలు పోసిన్రు ఏసమ్మా?"

"కట్ట లేదు."

"తూము?"

"తూము లేదు, అలుగు లేదు."

"అలుగు లేంది వానకాలం ఎట్ల ఆగుతది? తెగుతది గద."

"తెగదు."

"దాని కింద ఎన్ని ఎకరాలు పారుతది?"

"గుంటెడు గూడ పారదు. ఉప్పునీళ్లు."

జంగమ్మ చేట మోకాళ్ల మీద పెట్టుకుని కాసేపు ఆలోచించింది. "గన్ని నీళ్లు తన కాడనే పెట్టుకోని, మనకు గుంటెడు పారియ్యడా. దేవుడు గూడ మా దొర లెక్కనే ఉన్నడు," అని, "నువ్వు కండ్లార సూసినవా మరి?" అని అడిగింది.

"సూసిన. మా ఇంటాయన తోలుకపోయి సూపిచ్చిండు. సూడకుంటే గిన్ని ముచ్చట్లు ఎట్ల చెప్త?"

ఇక్కడే చిన్న చిక్కుంది. ఏసమ్మ సముద్రం చూడలేదు.

అసలు జరిగిందేమిటంటే, పెళ్లయిన ఏడు ఆమె భర్త పౌలు ఒక షావుకారు దగ్గర ఎడ్లబండి తోలేవాడు. కొత్త పెళ్లాం దగ్గర గొప్పకు పోయి, సముద్రం చూపిస్తానని మాట ఇచ్చాడు. శ్రావణమాసంలో కిరాయి తగిలింది గాని, అది బెజవాడ దాకే. బందరు ఇంకా రెండు రోజుల దారి. షావుకారు బండిని అంతదూరం తోలితే ఎడ్లకే కాదు, పౌలు వీపుకు కూడా మంచిది కాదు. అతను ఒక రాత్రంతా ఆలోచించి, తెల్లవారగానే ఆమెను ఏటి ఒడ్డుకు తీసుకుపోయాడు. కృష్ణ నిండుగా పోతున్నది. పైన వాన, అవతలి ఒడ్డు కనబడటం లేదు.

"గిదే," అన్నాడు పౌలు.

ఏసమ్మ మిషన్ బడిలో రెండో తరగతి దాకా చదివింది. సముద్రం నీళ్లు ఉప్పగా ఉంటాయని ఆ రెండు తరగతుల్లోనే చెప్పేశారు. ఆమె వంగి దోసిలి పట్టి తాగింది. మట్టివాసన, తియ్యటి నీళ్లు. తలెత్తి భర్త మొఖం చూసింది. ఆ నీళ్లన్నీ తానే తవ్వించినట్టు నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు, వానకు తడుస్తూ.

"మంచిగుంది," అన్నది ఏసమ్మ.

అంతే. ఇరవై రెండేళ్లు గడిచాయి. ఆ తియ్యటి నీళ్ల మాట ఆమె ఎవరికీ చెప్పలేదు, అతనికి అసలే చెప్పలేదు.

కోదాడ చివర వాళ్ల వాడలో ఎదురిల్లు జానమ్మది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు, నోరు మాత్రం ఉంది. ఏసమ్మ సముద్రం మీద ఆమెకు మొదటినుంచీ అనుమానమే.

"సంద్రం సూసిన మొఖమేనా గది? సూసినోళ్ల కండ్లల్ల ఒక నిగ్గుంటదట. నీ కండ్లల్ల పుసులే ఉన్నయి."

మంచంమీద చుట్ట కాలుస్తున్న పౌలు అక్కడి నుంచే జవాబిచ్చేవాడు. "నేనే సూపిచ్చిన జానమ్మా. నా ముంగటనే దోసిలి పట్టి తాగింది గూడ."

"ఉప్పునీళ్లు తాగిందా?"

పౌలుకు పొగ పొలమారేది. ఏసమ్మ చీపురు అందుకుని, "పుక్కిలిచ్చి ఊసిన" అని గట్టిగా ఊడ్చేది, జానమ్మ వాకిలి దాకా.

ఇట్లాంటి తగాదాలకు ఉప్పు ఒక సంగతిగా ఉండటం పోయి, ఉప్పే తగాదా అయిన ఏడు వచ్చింది. పంతొమ్మిది వందల నలభై ఎనిమిది. రజాకార్ల భయానికి ఊళ్లకు ఊళ్లు మూటలు కట్టుకుని సరిహద్దు దాటి జగ్గయ్యపేట వైపు పోతున్నాయి. అటునుంచి యూనియన్ వాళ్లు దారి మూసేసి, నైజాం ఇలాకాలోకి సరుకు రానివ్వటం లేదు. బస్సులు నిలిచాయి. మొదట కిరసనాయిలు పోయింది, తరువాత బట్ట పోయింది. అవి లేకుండా మనుషులు ఎట్లాగో సర్దుకున్నారు. తరువాత ఉప్పు పోయింది.

ఉప్పు లేని కూడు మొదటి వారం చప్పగా ఉంటుంది, రెండో వారం నోట్లోకి పోదు. ఊరగాయ జాడీలు కడిగిన నీళ్లతో పప్పు వండారు. ఒకప్పుడు ఉప్పు బస్తాలు వేసిన కొట్టులో మన్ను గీరుకొచ్చి, నీళ్లలో కలిపి, వడగట్టి వాడారు. జంగమ్మ గొర్రెలు కాపరుల చెమట చొక్కాలు నమలడం మొదలుపెట్టాయి. ఏసమ్మ గంప ఖాళీగా అటకెక్కింది. అయినా వాడలో ఆడవాళ్లు వచ్చి, గంపలో పరిచిన పాత తాటాకులు అడిగి పట్టుకుపోయేవాళ్లు. వాటిని ఉడకబెట్టిన నీళ్లలో పులుసు కాచుకునేవాళ్లు. జానమ్మ కూడా ఒక ఆకు పట్టుకుపోయింది. ఆ రోజు మాత్రం సముద్రం ఊసు ఎత్తలేదు.

ఆషాఢంలో తొలివానలకు బావిలోకి పైనీళ్లు దిగాయి. వాడలో వాంతులు, బేదులు మొదలయ్యాయి. వారంలో ముగ్గురు పోయారు. పొద్దున నీళ్లు మోసిన మనిషి మాపటికి గుంటలో ఉండేది. సూర్యాపేట నుంచి మిషన్ దవాఖాన నర్సు సుగుణమ్మ కాలినడకన వచ్చింది. చేతిలో సంచి ఉంది గాని, అందులో మందు లేదు.

"కాచిన గంజి తాపుండ్రి. గంజిల ఉప్పెయ్యాలె, మరువకుండ్రి. ఒంట్ల నీళ్లన్ని పోతున్నయి. ఉత్తనీళ్లు పోస్తే నిలువయి. ఉప్పుంటేనే పట్టుకుంటయి."

వాడ పెద్ద మత్తయ్య గడ్డం గోక్కుంటూ, "ఉప్పు యాడుంది సిస్టరమ్మా?" అని అడిగాడు.

సుగుణమ్మ సంచి మూతి బిగించి కట్టింది. 

పోలయ్య దగ్గరనుంచి ఒక కబురు మాత్రం ఉంది. బుధవారం బుధవారం అతను సరిహద్దులో యూనియన్ వాళ్ల తనిఖీ నాకాకు అవతల చింతతోపు దాకా వస్తున్నాడు. కోదాడ నుంచి మూడున్నర కోసుల నడక. నెత్తిన పెట్టుకుని తెచ్చే ఎండుచేపను నాకా జవాన్లు చూసీచూడనట్టు వదులుతున్నారు. ఉప్పును మాత్రం గుప్పెడు కూడా వదలటం లేదు.

ఆ బుధవారం తెల్లవారేసరికి పౌలు రెండుసార్లు ఇంటి వెనక్కి పోయొచ్చాడు. మూడోసారి గోడ పట్టుకుని వచ్చాడు. ఏసమ్మ గంప దింపుతూ ఆగిపోయింది.

"నిన్న మామిడిటెంక నాకిన, గంతే," అన్నాడు పౌలు.

"నేను పోను."

"పోకపోతే ఉప్పు ఎవడు తెస్తడు, మీ తాతనా? పో. పొద్దు తిరిగేటాలకు రావా ఏంది? నేను యాడికి పోత."

ఏసమ్మ గంజి కాచి మంచం పక్కన పెట్టింది. ఎదురింటికి పోయి, "మా ఆయనకు గంజి తాపుతుండు జానమ్మా, మల్ల జగడం ఆడుకుందం" అని చెప్పింది. జానమ్మ చాపమీద పడుకునే తల ఊపింది. ఎప్పుడూ లేనిది నోరు విప్పకుండా తల ఊపినప్పుడే ఏసమ్మకు తెలియవలసింది. తొందరలో తెలియలేదు.

దారిలో తోడు కోదాడ కాపరి రామనర్సయ్య. గొర్రెలకు ఉప్పు కావాలని అతని తంటా. మంచివాడే గాని, చెవిన పడ్డ మాట కడుపులో నిలవని మనిషి.

చింతతోపులో పోలయ్య గంప కట్టాడు. పౌలు సంగతి విన్నాడు. అడుగున ఉప్పు మూట పెట్టి, దానిమీద సొర, టేకు పరిచాడు. ఆ తరువాత అయిదు వంజరాలు తీసి, శుభ్రం చేసిన వాటి పొట్టల్లో ఉప్పు కూరి, తాటిపీచుతో కుట్టాడు.

"మూట దొరికినా ఇది దొరకదక్కా. ఎవరడిగినా చేప అను. ఇంకో మాట అనకు."

నాకా చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ముందు పదిమంది ఉన్నారు. ఏసమ్మ వంతు వచ్చేసరికి గంప మూత తీసిన జవాను ఒక్కసారి కళ్లు మూసుకుని వాసన పీల్చాడు. పాతికేళ్లుంటాయి.

"మాది బందరు పక్కన పల్లెపాలెం అక్కా. ఈ వాసన మా ఇంట్లో చూసి మూడు నెల్లయింది," అన్నాడు. నెత్తళ్లు చేత్తో తిరగేసి, "ఎండ బాగా పడ్డది," అని తాటాకు ఎత్తాడు.  అతన్ని పైవరసల్లోనే ఆపాలని ఏసమ్మ అలవాటైన పాఠం మొదలుపెట్టింది. ఒడ్డు చేపలు ఇవి, నడిమివి ఇవి, అడుగున సొర, టేకు.

జవాను నవ్వాడు. "సొర అడుగున ఉంటుందని నీకెవరు చెప్పారక్కా? అది ఒడ్డుకీ వస్తుంది, లోతుకీ పోతుంది. దాని ఇష్టం. మొలలోతు నీళ్లలో మా మావయ్య పిక్క పట్టుకుపోయింది. టేకు ఒడ్డు దగ్గర ఇసకలోనే పడుకుంటుంది, తొక్కితే తోకముల్లు దించుద్ది. సావడాయి ఓ పూట పైకొస్తుంది, ఓ పూట దిగుతుంది. నువ్వు చెప్పేది సముద్రం కాదు, గంప. బరువైంది అడుగున పెట్టారంతే."

ఏసమ్మ బిత్తరపోయింది. ఇరవై ఏళ్లుగా మూడు తాలూకాలకు ఆమె పంచిపెట్టిన సముద్రం, పోలయ్య చేపలు నలగకుండా సర్దిన వరస.

"అసలు వరస ఎట్లుంటది మరి?" అని అడిగేసింది.

"ముందు మడ అడవి. నీళ్లలోనే చెట్లు, కింద బురద. పీతలు, రొయ్యపిల్లలు, సగం సముద్రానికి పురుడు పోసేది ఆ బురదే. తరవాత ఏరు కలిసే చోటు, మట్టినీళ్లు. అది దాటితే పచ్చనీళ్లు. తెల్లగా గొడుగుల్లాగా తేలే జీవాలుంటాయి, ఒంటికి తగిలితే నిప్పే. తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మా ఇసక దాకా ఎక్కి వస్తాయి, కళ్లమ్మట నీళ్లు కార్చుకుంటా. పచ్చనీళ్లు కూడా దాటితే నల్లనీళ్లు. అక్కడ గుండు కట్టి తాడెంత వదిలినా నేలకు తగలదు."

"దీపం చేప?"

"నేను చూళ్లేదు. కానీ చీకట్లో వల లాగితే నీళ్లే నిప్పురవ్వల్లాగా మెరుస్తాయి."

ఏసమ్మ నోరు తెరుచుకుని విన్నది. ఆ కాస్సేపు ఆమెకు నాకా లేదు, ఉప్పు లేదు, మంచంమీద పౌలు కూడా లేడు. ఆ కాస్సేపటి కోసం తరువాత ఆమె తనను తాను చాలా తిట్టుకుంది.

"ముచ్చట్లు చాలు. అడుగున ఏముందో తియ్," అని వెనకనుంచి పెద్ద జవాను లాఠీతో గంపను పొడిచాడు.

వెనక వరసలో రామనర్సయ్య ఉన్నాడు. కోదాడ మనుషులు ఇంకా అయిదారుగురు ఉన్నారు. ఏసమ్మ వాళ్లను ఒకసారి చూసింది. గంపను చూసింది. నవ్వేవాడి చెయ్యి గట్టిగా వెతకదని ఇన్నేళ్ల బేరంలో ఆమెకు తెలుసు.

"అయ్యా, జర ఆగుండ్రి. నేను సంద్రం సూసిన ముచ్చట చెప్త, ఇనుండ్రి," అన్నది.

మొదలుపెట్టింది. సముద్రం పడమటి నుంచి తూర్పుకు పారుతుందని చెప్పింది. పల్లెపాలెం జవాను పకపకా నవ్వాడు. ఒడ్డున కొండ ఉందని, కొండమీద గుడి ఉందని చెప్పింది. బెజవాడ వైపు వాడెవడో, "ఓరి నాయనో, కనకదుర్గమ్మ కొండరా" అని కేకేశాడు. బల్లమీద కూర్చున్నవాళ్లు కూడా లేచి వచ్చారు. ఏసమ్మ ఆగలేదు. వాన సంగతి, అవతలి ఒడ్డు కనబడని సంగతి, మొగుడు నడుంమీద చేతులు పెట్టుకున్న సంగతి, అన్నీ చెప్పింది. దోసిలి పట్టి తాగి చూపించింది.

"తియ్యగున్నయి అయ్యా నీళ్లు. తియ్యగుంటే ఏం చెయ్యాలె? మంచిగుంది అన్న. గిప్పటి దాంక ఆయనకు ఎరుక లేదు. ఇరవై రెండేండ్ల సంది లోకానికంత సంద్రం సూసిన సంద్రం సూసిన అని చెప్పుకుంట తిరుగుతున్న."

పెద్ద జవాను లాఠీ చంకలో పెట్టుకుని కళ్లు తుడుచుకున్నాడు. కోదాడ వాళ్లు కూడా నవ్వారు. అందరికంటే ఎక్కువ రామనర్సయ్య నవ్వాడు. ఏసమ్మ కూడా పళ్లు బయటపెట్టి నిలబడింది. 

పల్లెపాలెం జవాను నవ్వుతూనే గంపలో చెయ్యి పెట్టాడు. వంజరం ఒకటి పైకి తీశాడు. బొటనవేలితో దాని పొట్ట నొక్కాడు. అతని నవ్వు ఆగింది.

"పొట్ట తీసిన వంజరం ఇంత బరువుండదక్కా," అన్నాడు, ఆమెకొక్కదానికే వినబడేట్టు.

ఏసమ్మ చేతులు జోడించలేదు. జోడిస్తే వెనకవాళ్లు చూస్తారు. "ఇంట్ల మనిషికి బేదులు," అన్నది.

అతను చేపను యథాస్థానంలో పెట్టాడు. అడుగున తడిమి, ఉప్పు మూట లాగి, అందరికీ కనబడేట్టు పైకెత్తి నేలమీద పడేశాడు. "దొరికింది. ఇక పో, పో" అని అరిచాడు.

ఏసమ్మ కోదాడ చేరేసరికి పొద్దు వాలుతున్నది. పౌలు మంచం కింద నేల తడిగా ఉంది. కళ్లు లోతుకు పోయాయి, గొంతు గుసగుసకు దిగింది. చేతిమీద చర్మం పట్టి వదిలితే మడత అట్లాగే నిలిచింది. పొద్దున పెట్టిన గంజికుండ పెట్టినట్టే ఉంది. పలకరించడానికి ఎదురింటి నుంచి ఎవరూ రాలేదు.

ఆమె వంజరం పొట్ట పీకి, ఉప్పు నీళ్లలో కలిపి, పొలుసులు రాకుండా కొంగుతో వడగట్టి, గంజిలో పోసింది. నీచువాసన కొట్టింది. తల ఒళ్లో పెట్టుకుని గరిటెతో పోసింది. పౌలు రెండు గుటకలు మింగాడు. మూడోది పెదవి పక్కనుంచి కారింది.

"ఉప్పగుంది," అన్నాడు.

"మంచిది. తాగు."

అతను కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "బెజవాడల గిట్ల లేకుండె."

ఏసమ్మ చేతిలో గరిటె ఆగింది.

"నువ్వు బండి కాడికి పోయినంక నేను గూడ తాగిన," అన్నాడు పౌలు. "తియ్యగున్నయి. నువ్వేమంటవో అని జూసిన. నువ్వేమనలే."

"ఇరవై రెండేండ్లు ఊకున్నవా?"

"నువ్వు గూడ ఊకున్నవ్ గద."

నవ్వబోయాడు. కడుపు పట్టేసింది. ఆ తరువాత ఆమె పోసింది పోసినట్టు బయటికే వచ్చింది. గంజి మిగిలింది, మింగే మనిషి లేడు. చీకటి పడకముందే పౌలు పోయాడు. పొద్దున్నే ఉప్పుంటే బతికేవాడేమో. నాకా దగ్గర అంతసేపు పట్టకపోతే బతికేవాడేమో. ఎవరూ చెప్పలేరు. ఏసమ్మ మాత్రం రెండోదే అనుకున్నది.

ఆమె పౌలు కళ్లు మూసి, కాసేపు కూర్చున్నది. తరువాత ఎదురింటి తలుపు ఎందుకు తెరుచుకోలేదో అప్పుడు తట్టి, గంజికుండ ఎత్తుకుని లేచింది.

జానమ్మ చాపమీద ముడుచుకుని పడి ఉంది. పొద్దుననే బేదులు పట్టుకున్నాయట. పౌలుకు గంజి పోద్దామని లేచి, గడప దగ్గరే కూలిపోయి, పాకుతూ వెనక్కి వచ్చిందట. ఏసమ్మ ఆమె తల ఎత్తి నోట్లో గంజి పోసింది.

జానమ్మ మొఖం చిట్లించింది. "కంపు కొడుతుంది."

"మింగు."

"పౌలన్న ఎట్లుండు?"

"మింగమన్న గద," అన్నది ఏసమ్మ.

మిగిలిన నాలుగు చేపల్లో మూడింటి ఉప్పును మత్తయ్య ఇంటింటికీ చిటికెడు చిటికెడు పంచాడు. నాలుగోదాంట్లో ఉప్పు జానమ్మ గంజిలోకి పోయింది. వాడలో ఆ తరువాత ఇద్దరే పోయారు. పౌలును పూడ్చడానికి నలుగురు మనుషులు దొరకలేదు. ముగ్గురు మోశారు, నాలుగో కొమ్ము ఏసమ్మ పట్టింది. జానమ్మ అయిదో రోజు లేచి గోడకు ఆనుకుని కూర్చుంది. ఎవరూ చెప్పకుండానే ఎదురింటి ఖాళీ మంచం చూసింది.

ఆ సెప్టెంబరులో యూనియన్ మిలిటరీ వచ్చింది, నైజాం పాలన పోయింది, దారులు తెరుచుకున్నాయి. మరుసటి ఏడు సూర్యాపేట కొట్లముందు ఉప్పు రాశులు పోసి ఉండేవి. ఆవులు నాకిపోతున్నా అదిలించేవాడు లేడు. ఏసమ్మ ఆ రాశుల పక్కనుంచి పోయేటప్పుడు తల తిప్పుకునేది.

గంప మళ్లీ కదిలింది. ఇప్పుడు గంపలు రెండు. వెనక గంప జానమ్మది. ఇన్నాళ్లూ వాసనకు ముక్కు మూసుకున్న మనిషి, ఇప్పుడు పిల్లుల్ని తానే అదిలించేది.

మిర్యాలగూడ సంతలో జంగమ్మ చేటతో వచ్చింది. ఆమె మూతి చూస్తేనే తెలిసిపోయింది, రామనర్సయ్య నాకా కథను మాడుగులపల్లి దాకా మోశాడని.

"ఏసమ్మా, నువ్వు సూసింది సంద్రం కాదట గద. బెజవాడ కిష్ణనట."

చుట్టూ ఉన్న నలుగురూ కిసుక్కుమన్నారు. ఏసమ్మ గోనెగుడ్డ మడతపెట్టింది. 

వెనక గంప దగ్గరనుంచి జానమ్మ లేచింది.

"ఎవలన్నరు గా మాట? సూసింది. పౌలన్న దగ్గరుండి సూపిచ్చిండు. సూడకుంటే నేనెట్ల బతుకుత?"

సముద్రానికీ, జానమ్మ బతకడానికీ ఏమిటి సంబంధమో జంగమ్మకు అర్థం కాలేదు. అడుగుదామనుకుంది గాని జానమ్మ కళ్లు చూసి చేట కింద పెట్టింది.

"అయితే సొర అడుగుననే ఉంటదా?" అని మాట మార్చింది.

"యాడనన్న ఉంటది. దాని ఇష్టం," అన్నది ఏసమ్మ.

పల్లెపాలెం జవాను చెప్పిన వరసలో గంప సర్దుదామని ఆమె ఒకసారి ప్రయత్నించి చూసింది. సొరను పైన పెడితే నెత్తళ్లు పిండి పిండి అయ్యాయి. అందుకని గంప మళ్లీ పాత పద్ధతిలోనే ఉండేది, ముచ్చట మాత్రం మారింది. దీపం చేప సంగతి చెప్పడం మానేసింది. మడ అడవి బురదలో పీతపిల్లల గురించీ, ఏడుస్తూ ఇసక ఎక్కే తాబేలు గురించీ చెప్పేది. జవాను పేరు అడగలేదని అప్పుడప్పుడు బాధపడేది.

వంజరం చేతికి వచ్చినప్పుడు మాత్రం, బొటనవేలితో దాని పొట్ట ఒకసారి నొక్కి చూసి గాని ఎవరికీ ఇచ్చేది కాదు. ప్రతిసారీ ఖాళీగానే ఉండేది. ఇచ్చేసి, కొంగుకు చెయ్యి తుడుచుకుని, తరువాతి చేట అందుకునేది.